అత్తమ్మ బంగారం పోయింది హిప్నాటిజం వల్లేనా? మరి మా మరిదికి అదే చికిత్స చేయించవచ్చా?

ప్రశ్న: కల్వకుర్తి కోడలు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో కొంతకాలంగా ఒక వాదన ఎటూ తెగకుండా నడుస్తోంది. విషయం తెలిసినవారు వివరిస్తే పెద్దలకు చదివి వినిపించాలన్న ఉద్దేశంతో ఇక్కడ రాస్తున్నాను.

మా అత్తమ్మ ఈ మధ్య బంధువుల పెళ్లికి పోయి తిరిగి వస్తూ ఒక బస్టాండులో ఒంటరిగా కూర్చుని ఉన్నప్పుడు, ఇద్దరు మగవాళ్లు వచ్చి తాము మఫ్టీలో ఉన్న పోలీసులమని చెప్పుకున్నారు. కాసేపటి కిందే ఇక్కడ ఒక ముసలామె మెడలో గొలుసు తెంపుకుపోయారని, ఇంత బంగారం వేసుకుని ఒంటరిగా ఎందుకు తిరుగుతున్నావని కోప్పడి, పుస్తెలతాడు, గాజులు తీయించి, కాగితంలో చుట్టి ఆమె సంచిలోనే పెట్టారు. ఇంటికి వచ్చి పొట్లం విప్పితే అందులో గులకరాళ్లు ఉన్నాయి. అప్పటినుంచి ఆమె చెప్పే మాట ఒక్కటే: “నాకు సోయి లేకుండ అయింది బిడ్డా. వాళ్లు కండ్లల్లకు చూసుకుంట ఏం జెప్తే అది జేసిన.” హిప్నాటిజం చేసి దోచుకున్నారని వాడకట్టంతా తీర్మానించింది.

రెండో సంగతి మా మరిదిది. ఆయన గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. ఇంట్లో నమూనా పరీక్షలు చక్కగా రాస్తాడు గాని, పరీక్ష హాల్లో అడుగు పెట్టగానే గుండెదడ మొదలై, చేతులకు చెమటలు పట్టి, చదివినది ఒక్క ముక్క కూడా గుర్తుకు రాకుండా పోతుంది. మహబూబ్‌నగర్‌లో చూపిస్తే అక్కడి క్లినికల్ సైకాలజిస్టు కౌన్సెలింగ్‌తో పాటు హిప్నోథెరపీ, అంటే హిప్నాటిజంతో చేసే చికిత్స, కూడా చేయవచ్చని చెప్పారు. ఆ మాట వినగానే మా మామయ్య “తల్లిని ముంచిన విద్యకే కొడుకును అప్పజెప్తరా?” అని అడ్డం పడ్డారు.

ఇష్టం లేని మనిషిని హిప్నాటిజంతో లొంగదీసుకోవడం సాధ్యమేనా? అందులోకి వెళ్లిన మనిషి తిరిగి లేవకుండా ఉండిపోయే ప్రమాదం ఉందా? మనసులోని రహస్యాలన్నీ బయటపెట్టేస్తాడా? అత్తమ్మకు హిప్నాటిజం చేయిస్తే ఆ దొంగల ముఖాలు గుర్తుకు వస్తాయేమోనని మా ఆడబిడ్డ అడుగుతోంది. దానికి కూడా జవాబు చెప్పగలరు.

జవాబు: పాలమూరు సైకాలజిస్టు

నేను మహబూబ్‌నగర్ ప్రాంతంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మీ మరిదిని చూసినది నేను కాదు కాబట్టి ఆయనకు ఏ చికిత్స తగినదో నేను చెప్పకూడదు. హిప్నాసిస్ (మీరు హిప్నాటిజం అంటున్నది) అంటే ఏమిటో, ఏది కాదో మాత్రం నాకు తెలిసినంతవరకు వివరిస్తాను.

ముందుగా ఒక మాట. మీ అత్తమ్మ అబద్ధం చెప్పడం లేదు. పోలీసులమన్నవాళ్లు గద్దిస్తున్నప్పుడు, పక్కన అయినవాళ్లు లేనప్పుడు, బస్సు పోతుందేమోనన్న తొందర కూడా తోడైనప్పుడు, మనిషి ధ్యాస అంతా ఆ గద్దించే గొంతు చుట్టే తిరుగుతుంది. చేతులు చెప్పిన పని చేస్తుంటాయి. వీళ్లు నిజంగా పోలీసులేనా అన్న అనుమానం ఆ క్షణంలో తట్టదు. ఇల్లు చేరి భయం తగ్గాక, ఆ పని ఎలా చేశానో తనకే అర్థం కాదు. ఆమె మాటలో ఉన్నది ఆ అనుభవమే. ఆమెను తెలివితక్కువదని ఎవరూ అనకూడదు. అయితే దాన్ని హిప్నాసిస్ అనడానికి మాత్రం వీలు లేదు.

హిప్నాసిస్‌లో మేము చేసేది చాలా సాదాగా ఉంటుంది. వచ్చిన వ్యక్తికి అంతా ముందే వివరించి, ఆయన ఒప్పుకున్నాక, కుర్చీలో హాయిగా కూర్చోబెట్టి, చూపునో శ్వాసనో ఒకదాని మీద నిలపమంటాము. మెల్లగా చుట్టుపక్కల చప్పుళ్ల మీద ధ్యాస తగ్గి, విన్న మాటకు తగినట్టు ఊహ బలంగా పనిచేయడం మొదలవుతుంది. చెయ్యి తేలికవుతోందని చెబితే, కొందరికి అది తనంతట తానే పైకి లేస్తున్నట్టు అనిపిస్తుంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లోని హిప్నాసిస్ విభాగం 2014లో సవరించిన నిర్వచనం కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది: ధ్యాస ఒకచోట నిలిచి, చుట్టూ ఉన్నవాటి ఎరుక తగ్గి, సూచనలకు స్పందించే శక్తి పెరిగిన స్థితి. అది మామూలు మెలకువకు భిన్నమైన ప్రత్యేక స్థితా, లేక ఏకాగ్రత, ఊహ, నమ్మకం కలిసి చేసే పనేనా అన్న చర్చ పరిశోధకుల మధ్య ఇప్పటికీ సాగుతూనే ఉంది. అది నిద్ర కాదన్న విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. ఆ సమయంలో మెదడు తరంగాలను నమోదు చేస్తే నిద్రలో కనిపించే తీరు కనిపించదు. కూర్చున్న వ్యక్తి నా మాటలు వింటూనే ఉంటాడు, చాలావరకు అన్నీ గుర్తుంచుకుంటాడు, కావాలనుకుంటే కళ్లు తెరిచి లేచిపోగలడు. మధ్యలో నేను గది విడిచి వెళ్లిపోయినా, కాసేపటికి ఆయనంతట ఆయనే కళ్లు తెరుస్తాడు, లేదా కునుకు పట్టి మామూలుగా మేలుకుంటాడు. లేవకుండా ఉండిపోవడమన్నది లేదు. రహస్యాల సంగతీ అంతే: చెప్పదలచుకోనిది దాచుకోగలడు, అబద్ధం కూడా ఆడగలడు.

అసలు విషయం ఏమిటంటే, హిప్నాసిస్‌లో పనిచేసే శక్తి చేయించేవారిది కాదు, చేయించుకునేవారిది. 1959లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆండ్రే వైట్జెన్‌హాఫర్, ఎర్నెస్ట్ హిల్గార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 12 చిన్న పరీక్షలతో ఒక కొలమానాన్ని తయారుచేశారు. దానితోనూ, తరువాత వచ్చిన అలాంటి కొలమానాలతోనూ చూస్తే, ప్రతి పదిమందిలో ఒకరో ఇంకొంచెం ఎక్కువో గాఢంగా స్పందిస్తారు. దాదాపు అంతే మంది అసలు స్పందించరు. మిగిలినవారు మధ్యలో ఉంటారు. ఒకసారి పరీక్షించినవారినే 25 ఏళ్ల తరువాత మళ్లీ పరీక్షించినప్పుడు ఫలితాలు పెద్దగా మారలేదు. అంటే ఇది ఎత్తు, గొంతు వంటి ఒక వ్యక్తిగత లక్షణం. బలహీన మనస్కులే లొంగుతారన్నది కూడా అపోహే, ఎందుకంటే కథ చదువుతూ అందులో పూర్తిగా లీనమైపోయేవారు, ఒక పని మీద ధ్యాస నిలపగలిగేవారు దీనికి బాగా స్పందిస్తుంటారు. ఇష్టపడి వచ్చి నా ఎదుట కూర్చున్నవారిలోనే అందరికీ కుదరనిది, బస్టాండులో ముక్కూమొహం తెలియని మనిషి రెండు నిమిషాల్లో కళ్లలోకి చూసి చేస్తాడంటే నమ్మడానికి ఆధారం లేదు.

ఇష్టం లేని పని చేయించగలరా అన్న మీ ప్రశ్నకు “చేయించలేరు” అని ఒక్క మాటలో ముగిస్తే సగం నిజమే చెప్పినట్టవుతుంది. 1965లో మార్టిన్ ఓర్న్, ఫ్రెడరిక్ ఎవాన్స్ అనే పరిశోధకులు హిప్నాసిస్‌లో ఉన్నవారిని విషసర్పాన్ని పట్టుకోమన్నారు, యాసిడ్ తీసి ఎదుటి మనిషి మీద చల్లమన్నారు. ఎవరికీ హాని జరగకుండా లోపల ఏర్పాట్లు చేసి ఉంచారు గాని, ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు. హిప్నాసిస్‌లో ఉన్నవారు దాదాపు అందరూ ఆ పనులకు పూనుకున్నారు. ఇక్కడితో ఆపితే భయం పుడుతుంది. అయితే అదే ప్రయోగంలో హిప్నాసిస్‌లో ఉన్నట్టు నటించమని చెప్పిన మరికొందరు కూడా, పూర్తి మెలకువతో, అవే పనులు చేశారు. ఎందుకు చేశారని తరువాత అడిగితే, ఇది శాస్త్రవేత్తలు పెట్టిన ప్రయోగం కాబట్టి ఏ హానీ జరగనివ్వరని నమ్మామని చెప్పారు. మనిషి చేత పని చేయించింది హిప్నాసిస్ కాదు, అధికారంలో ఉన్నాడనుకున్న వ్యక్తి మీద పెట్టుకున్న నమ్మకం. మీ అత్తమ్మ విషయంలో జరిగింది కూడా అదే. పోలీసు అన్న మాటే ఆమె చేత గాజులు తీయించింది. మీ మామయ్యకు ఈ భాగం తప్పకుండా చదివి వినిపించండి, ఎందుకంటే దొంగ ప్రయోగించింది మంత్రవిద్య అనుకుంటే రేపు ఇంకొకడు బ్యాంకు అధికారిననో కరెంటు ఆఫీసు మనిషిననో ఫోన్ చేసినప్పుడు ఎవరూ జాగ్రత్తపడరు.

జవాబు: జడ్చర్ల మిత్రుడు

మేడం వివరణ బాగుంది గాని, నాకు ఒక అనుమానం మిగిలింది. మా ఊళ్లో ఒక ఫంక్షన్ హాల్లో హిప్నాటిజం ప్రదర్శన జరిగినప్పుడు, నలుగురిలో నోరు విప్పని మా స్నేహితుడు వేదిక ఎక్కి కోడిలా కూశాడు, ఉల్లిగడ్డను ఆపిల్ అనుకుని కొరికి తిన్నాడు. అది నటన అని నేను నమ్మలేను. శక్తి అంతా చేయించుకునేవాడిదే అయితే, ఆ వేదిక మీద ఉన్న వ్యక్తి గొప్పతనం ఏమీ లేనట్టేనా? బోనాల నాడు మా వాడలో అమ్మవారు పూనినవాళ్లు కూడా తమ సోయిలో ఉండరు కదా. అది కూడా ఇదేనా?

జవాబు: నల్లగొండ విశ్రాంత అధ్యాపకుడు

నేను డిగ్రీ కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నాను. జడ్చర్ల మిత్రుడి అనుమానం సహజమైనది. ఈ విద్య చరిత్ర తెలిస్తే అందులో చాలా భాగం తీరిపోతుంది కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను.

18వ శతాబ్దం చివర ఫ్రాంజ్ మెస్మర్ అనే వైద్యుడు, మొదట వియన్నాలో, తరువాత పారిస్‌లో, తన శరీరం నుంచి అయస్కాంతం వంటి ఒక ద్రవశక్తి రోగుల్లోకి ప్రవహించి జబ్బులు నయం చేస్తుందని ప్రకటించాడు. రోగులు నిజంగానే వణికిపోయేవారు, మూర్ఛపోయేవారు, తరువాత కుదుటపడ్డామని చెప్పేవారు. 1784లో ఫ్రెంచి రాజు పదహారవ లూయీ దీని మీద విచారణ సంఘాన్ని వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవాజియే వంటివారు ఉన్నారు. వాళ్లు చేసిన పరీక్ష ఎంతో తేటగా ఉంటుంది. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒకే ఒక చెట్టుకు మెస్మర్ శిష్యుడి చేత ఆ “శక్తి”ని ఎక్కించి, ఒక అబ్బాయి కళ్లకు గంతలు కట్టి ఒక్కొక్క చెట్టు దగ్గరికీ నడిపించారు. ఆ అబ్బాయి శక్తి ఎక్కించని చెట్టు దగ్గరే స్పృహ తప్పి పడిపోయాడు. అతడు నటించలేదు, నిజంగానే పడిపోయాడు. అతణ్ని పడగొట్టింది మాత్రం చెట్టు కాదు, తన నమ్మకం, తన ఊహ. సంఘం కూడా అదే తేల్చింది.

ఆ తరువాత ఈ విషయాన్ని అందరికన్నా ముందు స్పష్టంగా పట్టుకున్నవారిలో మన దేశస్థుడు ఒకరు ఉండడం నాకు ఎంతో గర్వంగా అనిపిస్తుంది. గోవాలోని కాండొలింలో 1756లో పుట్టిన ఆబె ఫారియా పారిస్‌లో ప్రదర్శనలు ఇస్తూ, తన దగ్గర ఏ మహిమా లేదని, జరిగేదంతా ఎదుటి వ్యక్తి మనసులోనే జరుగుతుందని బహిరంగంగా చెప్పాడు. అలా చెబితే తన పేరు తగ్గుతుందని తెలిసి కూడా చెప్పాడు. పణజీలో ఆయన విగ్రహం ఉంది.

ఇక వేదిక మీది సంగతి. ప్రదర్శకుడికి నేర్పు ఉంటుంది, అయితే అది ప్రధానంగా మనుషులను ఎంచుకోవడంలో ఉంటుంది. మొదట హాలులో అందరినీ చేతివేళ్లు పెనవేసి బిగించమని, “ఇక విడదీయలేరు” అని చెబుతాడు. నిజంగానే విడదీయలేకపోయినవారిని మాత్రమే పైకి రమ్మంటాడు. అప్పటికే బాగా స్పందించేవారు ఏరబడ్డారు. వేదిక ఎక్కడానికి ఒప్పుకోవడంతోనే వాళ్లు ఆటలో భాగమవడానికి సిద్ధపడ్డారు. పైకి వచ్చాక కూడా స్పందన తక్కువ ఉన్నవారిని మెల్లగా కిందికి పంపించేస్తాడు. మిగిలిన ఇద్దరు ముగ్గురి మీద వందలమంది చూపు, చప్పట్లు, వచ్చిన పని చెడగొట్టకూడదన్న మొహమాటం పనిచేస్తాయి. నలుగురిలో నోరు విప్పని మీ స్నేహితుడికి అక్కడ కోడిలా కూయడానికి ఒక అనుమతి దొరికింది. రేపు ఎవరైనా ఎగతాళి చేస్తే తాను హిప్నాసిస్‌లో ఉన్నానని చెప్పుకోవచ్చు. ఉల్లిగడ్డ ఆపిల్‌లా అనిపించడం కొందరిలో నిజమైన అనుభవమే అయి ఉండవచ్చు, కొందరిలో సగం అనుభవం సగం సహకారం అయి ఉండవచ్చు. బ్రిటన్‌లో ఇలాంటి బహిరంగ హిప్నాటిజం ప్రదర్శనలను నియంత్రించడానికి 1952లోనే ఒక చట్టం చేశారు. మన దగ్గర పాఠశాలల వార్షికోత్సవాల్లో చిన్నపిల్లలను కూడా ఇలా వేదిక ఎక్కిస్తున్నారు. అది నాకు ఏమాత్రం నచ్చని విషయం. పిల్లవాణ్ని పదిమందిలో నవ్వులపాలు చేయడం వినోదం కాదు.

పూనకం గురించి తొందరపడి తీర్పు చెప్పడం సరికాదు. డప్పు, ధూపం, ఉపవాసం, చుట్టూ ఉన్న జనం విశ్వాసం, ఇవన్నీ కలిసి ధ్యాసను ఒకచోట నిలిపే తీరులో పోలిక ఉంది. కానీ పూనకానికి కులం, వాడ, పండుగ, మొక్కులతో ముడిపడిన అర్థం ఉంటుంది. అమ్మవారు పూనే శివసత్తులను చూసి ఇది హిప్నాటిజమేనని కొట్టిపారేస్తే ఆ అర్థం మొత్తం జారిపోతుంది. రెండూ ఒక్కటేనని నేను అనను.

జవాబు: వనపర్తి విశ్రాంత ఎస్సై

అమ్మా, ముందుగా ఫిర్యాదు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే వెంటనే ఇవ్వండి. సంఘటన ఎక్కడ జరిగినా మీకు దగ్గరి స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకునే హక్కు మీకు ఉంది. ఫిర్యాదులో హిప్నాటిజం చేశారని కాకుండా, వాళ్లు పోలీసులమని చెప్పుకున్నారని, నగలు తీయించి పొట్లం మార్చారని, జరిగినది జరిగినట్టు రాయించండి. ప్రభుత్వ ఉద్యోగిగా నటించడం భారతీయ న్యాయ సంహితలోని 204వ సెక్షన్ కిందికి, మోసం 318వ సెక్షన్ కిందికి వస్తాయి. హిప్నాటిజం అని రాస్తే దర్యాప్తు పక్కదారి పడుతుంది. పొట్లం మార్పిడి అని రాస్తే అదే పద్ధతిలో పాత నేరాలున్న ముఠాల వైపు దర్యాప్తు సాగుతుంది.

దృష్టి మళ్లించి దోచుకునే ముఠాల పని తీరు నా ఉద్యోగ కాలంలో దగ్గరినుంచి చూశాను. ఒకడు గద్దిస్తాడు, ఇంకొకడు మెత్తగా మాట్లాడతాడు, మూడోవాడు ఏమీ తెలియని ప్రయాణికుడిలా వచ్చి తన ఉంగరం తీసి వాళ్ల చేతిలో పెడతాడు. అది చూసి ఎదుటివారు నమ్ముతారు. బాధితులు ఇంట్లో తిట్లు పడాల్సి వస్తుందన్న భయంతో “మత్తు చల్లారు”, “కళ్లలోకి చూశారు” అని చెప్పడం కూడా నాకు తెలుసు. వాళ్లను నేను తప్పు పట్టను. ఇంట్లో వాళ్లను ఆ పరిస్థితికి నెట్టకుండా ఉంటే నిజం త్వరగా బయటికి వస్తుంది. నిజంగానే రైల్లోనో బస్సులోనో టీలో, బిస్కట్లలో మత్తుమందు కలిపి ఇచ్చే నేరాలు వేరే ఉన్నాయి. అప్పుడు బాధితులు గంటల తరబడి తూగుతారు, మధ్యలో జరిగినది గుర్తుండదు. అలాంటి అనుమానం ఉంటే వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి రక్త, మూత్ర నమూనాలు ఇప్పించాలి, ఎందుకంటే ఆలస్యమైన కొద్దీ ఆనవాళ్లు పోతాయి. మీ అత్తమ్మ తానే బస్సెక్కి ఇల్లు చేరారు, జరిగినదంతా వరుసగా చెబుతున్నారు కాబట్టి అది ఇక్కడ జరిగినట్టు లేదు.

దొంగల ముఖాలు గుర్తుకు తెప్పించడానికి హిప్నాటిజం చేయించాలన్న ఆలోచన దయచేసి మానుకోండి. దానివల్ల కేసుకే నష్టం. సాధారణ పద్ధతిలో, జరిగిన వెంటనే, తొందరపెట్టకుండా అడిగి రాసుకున్న గుర్తులకే విలువ ఉంటుంది. దీని వెనుక ఉన్న కారణం మేడం గారు చెబితే బాగుంటుంది. ఇంకొక విషయం: చాలామంది నార్కో పరీక్షనూ దీన్నీ ఒకటిగా అనుకుంటారు. నార్కోలో మందు ఎక్కించి మాట్లాడిస్తారు. హిప్నాసిస్‌లో మందు లేదు. సెల్వి కేసులో సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన తీర్పు ప్రకారం మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలీగ్రాఫ్ (అబద్ధాన్ని పట్టే యంత్రం), బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయడానికి వీల్లేదు.

జవాబు: పాలమూరు సైకాలజిస్టు

ఎస్సై గారు చెప్పినది అక్షరాలా నిజం. జ్ఞాపకం అల్మారాలో దాచిన కాగితంలా చెక్కుచెదరకుండా ఉండదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్లీ కూర్చుకుంటుంది. హిప్నాసిస్‌లో ఊహ బలపడుతుంది కాబట్టి ఆ కూర్పులో లేనివి కూడా చేరుతాయి. పైగా అవి నిజమేనన్న ధీమా పెరుగుతుంది. 1983లో లారెన్స్, పెర్రీ అనే పరిశోధకులు, బాగా స్పందించే 27 మందిని హిప్నాసిస్‌లో ఉంచి, వారం కిందటి ఒక రాత్రి పెద్ద చప్పుడుకు మెలకువ వచ్చిందన్న సూచన ఇచ్చారు. ఆ తరువాత 13 మంది అది నిజంగా జరిగిందనే చెప్పారు. అత్తమ్మకు ఇలా చేయిస్తే ఒక ముఖం గుర్తుకు రావచ్చు, ఆమె దాన్ని గట్టిగా నమ్మనూ వచ్చు. ఆ ముఖం ఏ పాపమూ తెలియని పక్క ఊరి మనిషిది కావచ్చు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1985లోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించింది.

గత జన్మలు చూపిస్తామనేవారి సంగతి కూడా ఇందులోనే తేలుతుంది. చేయించేవారు ఏమి ఆశిస్తున్నారో దానికి తగినట్టే ఆ “గత జన్మ” కథ మారుతుందని నికొలస్ స్పానోస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనల్లో తేలింది. దుఃఖంలో ఉన్నవారి దగ్గర ఇందుకోసం డబ్బు తీసుకోవడం నాకు తీవ్రమైన అభ్యంతరం.

ప్రశ్న: మర్రిగూడ నుంచి ఒక పాఠకుడు

మా అమ్మకు ఫ్లోరోసిస్ (తాగే నీటిలోని ఫ్లోరైడు ఎముకల్లో చేరే జబ్బు) వల్ల నడుము, మోకాళ్లు బిగుసుకుపోయి ఏళ్ల తరబడి నొప్పి ఉంది. ఇలాంటి నొప్పికి హిప్నాసిస్ ఏమైనా పనికొస్తుందా, లేక అది కూడా అపోహేనా?

జవాబు: పాలమూరు సైకాలజిస్టు

ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడును హిప్నాసిస్ తీయలేదు, బిగుసుకున్న కీలును వదులు చేయలేదు. అలా చేస్తామని ఎవరైనా చెబితే నమ్మవద్దు. నొప్పి వల్ల పడే బాధను తగ్గించడంలో మాత్రం దీనికి గట్టి ఆధారాలు ఉన్నాయి. నొప్పిలో రెండు పాళ్లు ఉంటాయి: ఎంత తీవ్రంగా ఉందన్నది ఒకటి, అది మనల్ని ఎంతగా వేధిస్తోందన్నది మరొకటి. 1997లో పియర్ రెన్‌విల్ అనే పరిశోధకుడి బృందం, చేతిని వేడి నీటిలో ఉంచినవారికి హిప్నాసిస్‌లో సూచనలు ఇచ్చి మెదడు చిత్రాలు తీసింది. వేధింపు తగ్గేలా సూచన ఇచ్చినప్పుడు, బాధతో ముడిపడిన యాంటీరియర్ సింగ్యులేట్ అనే మెదడు భాగంలో చురుకుదనం మారింది. అంటే ఆ మనిషి మొహమాటానికి తగ్గిందని చెప్పడం లేదు.

ఈ ఉపయోగానికి మన దేశంలో పాత చరిత్ర కూడా ఉంది. జేమ్స్ ఎస్‌డేల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో, మత్తుమందులు ఇంకా రాని కాలంలో, ఈ పద్ధతితో రోగులను సిద్ధం చేసి పెద్ద పెద్ద కణితులను కోసి తీశాడు. మరుసటి ఏడాది కలకత్తాలో ఆయనకు ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి ఇచ్చారు. ఆ వెంటనే ఈథర్, క్లోరోఫామ్ రావడంతో ఆ పద్ధతి వెనకబడింది, ఎందుకంటే మందు దాదాపు అందరికీ పనిచేస్తుంది, హిప్నాసిస్ కొందరికే పనిచేస్తుంది. ఇప్పుడు బెల్జియంలోని లీజ్ ఆసుపత్రి వంటి చోట్ల, స్థానికంగా ఇచ్చే మత్తుకు తోడుగా దీన్ని వాడుతున్నారు. మీ అమ్మగారి విషయంలో ఎముకల వైద్యుడు ఇచ్చే మందులు, వ్యాయామం, తాగే నీటి జాగ్రత్త ముందు. ఇది వాటికి తోడు మాత్రమే. నేర్చుకుంటే ఇంట్లో తానే చేసుకోగలగడం దీనిలోని మంచి గుణం.

ప్రశ్న: కల్వకుర్తి కోడలు

అందరికీ కృతజ్ఞతలు. ఫిర్యాదు ఎస్సై గారు చెప్పినట్టే మళ్లీ రాసి ఇచ్చాము. మామయ్యకు మొత్తం చదివి వినిపించాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు గాని, మొదటి రోజు తాను కూడా వెంట వస్తానంటున్నారు. వెళ్లే ముందు మేము ఏమేమి అడిగి తెలుసుకోవాలి? జ్ఞాపకశక్తి పెంచే హిప్నాటిజం తరగతులని మా ఊళ్లో గోడల మీద ప్రకటనలు కనిపిస్తున్నాయి. అవి ఇంతకన్నా చవకగా ఉన్నాయని మా ఆడబిడ్డ అంటోంది.

జవాబు: పాలమూరు సైకాలజిస్టు

ఆ తరగతుల జోలికి పోకండి. చదవని పాఠాన్ని హిప్నాసిస్ గుర్తు చేయలేదు. మీ మరిదికి జ్ఞాపకశక్తి లోపమే లేదు. ఇంట్లో బాగా రాస్తున్నాడంటే చదివినది మనసులో ఉందని అర్థం. దాన్ని బయటికి రాకుండా అడ్డుకుంటున్నది భయం. ఆ భయం పరీక్ష హాలు తలుచుకోగానే ఎలా మొదలవుతుందో, ఏ ఆలోచన దాన్ని పెంచుతుందో గుర్తించి మార్చడం అసలు చికిత్స. హిప్నాసిస్‌లో ఆయన ప్రశాంతంగా ఉంటూనే ఆ హాలును, ప్రశ్నపత్రాన్ని, పక్కన కదిలే ఇన్విజిలేటర్‌ను ఊహించుకుని, దడ మొదలైతే శ్వాసతో దాన్ని దించుకోవడం సాధన చేస్తాడు. ఆ సాధన ఇంట్లో రోజూ చేయకపోతే ఫలితం అంతంతే.

క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడవద్దు. హిప్నాసిస్‌లో ఎక్కడ శిక్షణ పొందారో, ఎన్ని సార్లు రావలసి ఉంటుందో, ఫలితం లేకపోతే తరువాత ఏం చేస్తారో కూడా అడగండి. ఒక్కసారి వస్తే చాలు, నూటికి నూరు పాళ్లు నయమవుతుందని హామీ ఇచ్చేవారిని వదిలేయండి. సిగరెట్ మాన్పించడంలో దీని ప్రయోజనానికి స్పష్టమైన ఆధారం లేదని 2019 నాటి కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించే నివేదిక) చెప్పింది. కాబట్టి అన్ని సమస్యలకూ ఇదే మందు అనేవారినీ నమ్మనక్కర లేదు. ఎవరూ లేని గొంతులు వినబడడం, ఎవరో తనకు హాని తలపెడుతున్నారన్న బలమైన అనుమానం, మూర్ఛవ్యాధి వంటివి ఎప్పుడైనా ఉండి ఉంటే ముందే చెప్పాలి, ఎందుకంటే అప్పుడు ముందు మానసిక వైద్యుణ్ని కలవాలి.

మీ మామయ్య రావడం మంచిదే. మొదటి రోజు ఎక్కువ సమయం మాట్లాడడంలోనే గడుస్తుంది. ఆ తరువాత, మీ మరిది ఇష్టపడితే, మామయ్య గదిలోనే ఒక పక్కన కూర్చోవడానికి చాలామంది నిపుణులు ఒప్పుకుంటారు. ఆ లోపు పరీక్ష దగ్గరపడి రాత్రుళ్లు నిద్ర లేకుండా పోతుంటే 14416 నంబరుకు ఫోన్ చేయమనండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.